కోడింగ్ ఫాంట్: సున్నాకీ 'ఓ'కీ తేడా తెలుస్తోందా? ఎడిటర్‌లో ఫాంట్ ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి

ఒంగోలు: ప్రోగ్రామ్ రాశారు. లాజిక్ కరెక్టే. రన్ కొడితే ఎర్రర్. లైన్ లైన్ వెతికినా ఏమీ దొరకదు. చివరికి చూస్తే అంకె 1 ఉండాల్సిన చోట ఇంగ్లిష్ చిన్న 'ఎల్' పడి ఉంటుంది. స్క్రీన్ మీద రెండూ ఒకే నిలువు గీతలా కనిపిస్తుంటే తప్పు మీ కళ్లది కాదు, ఫాంట్‌ది.

ఒంగోలు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో, ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలు గంటల తరబడి కోడ్ చూస్తూనే ఉంటారు. ఏ లాప్‌టాప్ కొనాలి, పైథాన్ ముందా జావా ముందా అని పదిమందిని అడుగుతారు. ఫాంట్ సంగతి మాత్రం ఎవరూ అడగరు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయినప్పుడు ఏది వచ్చిందో నాలుగేళ్లూ అదే. మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు, పైసా ఖర్చు లేదు. కానీ ఏది పడితే అది పెట్టుకుంటే లాభం లేదు. పైగా మనం కోడ్‌లో తెలుగు కూడా వాడతాం కాబట్టి, ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో 'టాప్ టెన్ ఫాంట్స్' అని ఇచ్చే లిస్టులు మనకు సగమే పనికొస్తాయి. మిగతా సగం ఏంటో చూద్దాం.

అసలు మోనోస్పేస్ అంటే?

మామూలు ఫాంట్లలో ఇంగ్లిష్ 'ఐ' సన్నగా, 'ఎమ్' వెడల్పుగా ఉంటుంది. మోనోస్పేస్ ఫాంట్‌లో ప్రతి అక్షరానికీ, అంకెకీ, కామాకీ, ఖాళీకీ ఒకటే వెడల్పు. గళ్ల నోటుబుక్కులో గడికొక అక్షరం రాసినట్టు.

ఇది కంప్యూటర్‌తో పుట్టిన పద్ధతి కాదు. టైప్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి లోయర్, హయ్యర్ పాసైన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే అడగండి. ఏ మీట నొక్కినా క్యారేజ్ ఒక్క గడే జరిగేది. పైకా మిషన్ అయితే అంగుళానికి 10 అక్షరాలు, ఎలీట్ అయితే 12. సన్నటి 'ఐ' ఆ గడిలో ఒంటరిగా నిలబడితే రెండు పక్కలా ఖాళీ మిగిలిపోతుంది కాబట్టి దానికి కింద పెద్ద పాదం పెట్టారు. 1950ల్లో ఐబీఎం టైప్‌రైటర్ల కోసం హోవర్డ్ కెట్లర్ గీసిన 'కొరియర్' ఫాంట్‌లో ఆ పాదాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇప్పటి కోడింగ్ ఫాంట్లలోనూ 'ఐ'కి పాదం, 'ఎల్'కి తోక ఉండటానికి మూలం అదే.

అన్నట్టు, పాత ఇంగ్లిష్ టైపు మిషన్లలో చాలా వాటికి అంకె 1 మీటే ఉండేది కాదు. చిన్న 'ఎల్' కొట్టమనే నేర్పేవాళ్లు. కాగితం మీద చదివే మనిషికి అది ఒకటే. కంప్యూటర్‌కి మాత్రం ఆ రెండూ వేర్వేరు.

గడుల పద్ధతి కోడింగ్‌కి ఎందుకు పనికొస్తుందంటే, పైథాన్‌లో లైన్ మొదట్లో వదిలే ఖాళీలను బట్టే ప్రోగ్రామ్ అర్థం మారిపోతుంది. మామూలు ఫాంట్‌లో స్పేస్ చాలా సన్నం. నాలుగు స్పేస్‌లు ఉన్నాయో, మూడే ఉన్నాయో కంటికి ఆనదు. మోనోస్పేస్‌లో ఒక్కటి తగ్గినా లైన్ పక్కకి జరిగినట్టు వెంటనే తెలిసిపోతుంది.

ముందు చేయాల్సిన టెస్ట్ ఇదే

ఎడిటర్ తెరిచి ఒక లైన్‌లో వరుసగా ఇవి టైప్ చేయండి: అంకె 0, క్యాపిటల్ 'ఓ', చిన్న 'ఓ'. తర్వాత అంకె 1, చిన్న 'ఎల్', క్యాపిటల్ 'ఐ', నిలువు గీత |. ఆ తర్వాత 8, క్యాపిటల్ 'బీ', 5, క్యాపిటల్ 'ఎస్', 2, క్యాపిటల్ 'జెడ్'. పక్కనే చిన్న 'ఆర్', చిన్న 'ఎన్' కలిపి కొట్టి దాని పక్కన చిన్న 'ఎమ్' పెట్టండి. చివర్లో ( { [ బ్రాకెట్లు, చుక్క, కామా, కోలన్, సెమీకోలన్.

ఇప్పుడు కుర్చీ రెండడుగులు వెనక్కి జరపండి. ఏ రెండైనా ఒకేలా కనిపిస్తే ఆ ఫాంట్ వద్దు. ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఈ ఒక్క టెస్ట్‌తోనే చాలా ఫాంట్లు బయటికి పోతాయి. విండోస్‌లో ఎప్పటి నుంచో ఉన్న కొరియర్ న్యూ ఇందులో నిలవదు. దాని సున్నాలో గీత గానీ చుక్క గానీ ఉండదు, ఉత్త గుండ్రమే. పైగా గీతలు మరీ సన్నం. కాన్సొలాస్‌లో సున్నాకి అడ్డంగా గీత ఉంటుంది. మ్యాక్‌లో వచ్చే మెన్లోలోనూ అంతే. సోర్స్ కోడ్ ప్రో, ఐబీఎం ప్లెక్స్ మోనో ఫాంట్లలో మధ్యలో చుక్క పెడతారు. గీతా, చుక్కా అన్నది మీ ఇష్టం. ఏదో ఒకటి ఉండటం ముఖ్యం.

ఒక్క అక్షరం తేడాతో డబ్బు ఆగిపోతే?

కోడ్‌లో ఎర్రర్ వస్తే సరిచేసుకుంటాం. డేటాలో తేడా వస్తేనే అసలు తలనొప్పి.

బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సంగతే తీసుకోండి. మొత్తం 11 అక్షరాలు. మొదటి నాలుగూ బ్యాంకు పేరు తెలిపే ఇంగ్లిష్ అక్షరాలు. ఐదోది ఎప్పుడూ అంకె సున్నానే. చివరి ఆరు బ్రాంచివి. నాలుగు అక్షరాల తర్వాత వెంటనే సున్నా వస్తుంది కాబట్టి చేత్తో రాసిన కాగితం చూసి ఎంటర్ చేసేవాళ్లు అక్కడ 'ఓ' కొట్టేస్తుంటారు. మిర్చి గుంటూరు యార్డులో అమ్ముకుని డబ్బు ఖాతాలో పడుతుందని చూసే రైతుకి, ఆ ఒక్క గుండ్రం వల్ల ట్రాన్స్‌ఫర్ వెనక్కి తిరిగితే మళ్లీ తిరగాల్సింది ఆయనే.

కమిషన్ వ్యాపారులకో, సొసైటీకో చిన్న సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే కుర్రాళ్లు మన దగ్గర ఉంటారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగానూ ఇలాంటివే చేస్తారు. ఐదో అక్షరం సున్నా అవునా కాదా అని ప్రోగ్రామ్‌లో చెక్ పెట్టడం మొదటి పని. ఆ చెక్ రాసేటప్పుడు మీరే సున్నాకి బదులు 'ఓ' కొట్టి, మీ ఫాంట్‌లో రెండూ ఒకేలా ఉంటే? సరైన కోడ్‌లన్నీ తప్పు అని తిప్పికొడుతుంది ప్రోగ్రామ్. ఫాంట్ విషయం ఇక్కడ అందం గురించి కాదు.

పాన్ నంబర్‌లో ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం అని స్థానాలు ఫిక్స్ చేసేశారు కాబట్టి అక్కడ ప్రోగ్రామ్‌తో పట్టుకోవడం తేలిక. వాహనాల ఛాసిస్ నంబర్ వేసేవాళ్లు ఇంకా ముందుచూపుతో ఉన్నారు. ఆ 17 అక్షరాల్లో ఇంగ్లిష్ 'ఐ', 'ఓ', 'క్యూ' అసలు వాడరు. 1తో, సున్నాతో కలగాపులగం అవుతాయని వాటిని తీసేశారు. పాస్‌వర్డ్‌లకీ, వేరియబుల్ పేర్లకీ మనకి ఆ వెసులుబాటు లేదు.

మన దగ్గర సున్నలు ఇంకా ఎక్కువ

ఇంగ్లిష్ వాళ్లకి సున్నా, 'ఓ' రెండే పంచాయితీ. మనకి ఇంకో రెండు కలుస్తాయి. 'ఒంగోలు'లో 'ఒ' పక్కన ఉండే సున్న ఒకటి, అంటే పూర్ణానుస్వారం. తెలుగు అంకెల్లో సున్నా ౦ ఇంకొకటి. అక్షరాన్నీ అంకెనీ కూడా 'సున్న' అనే పిలుస్తాం. చాలా తెలుగు ఫాంట్లలో రెండూ ఒకే గుండ్రం, సైజులో కొద్ది తేడా అంతే.

కంప్యూటర్ లెక్క వేరు. పైథాన్‌లో 'ఆర్డ్' అనే ఫంక్షన్‌కి ఒక్కో గుండ్రాన్నీ ఇచ్చి చూడండి. మామూలు 0కి 48 వస్తుంది. ఇంగ్లిష్ క్యాపిటల్ 'ఓ'కి 79, చిన్న 'ఓ'కి 111. 'ఒంగోలు'లోని సున్నకి 3074. తెలుగు అంకె ౦కి 3174. ఒకదానికొకటి పోలిన అక్షరాలంటూ యూనికోడ్ వాళ్లు ఒక జాబితా నిర్వహిస్తారు. అందులో మన సున్న, మన అంకె సున్నా రెండూ ఇంగ్లిష్ చిన్న 'ఓ' సరసన ఉన్నాయి.

దీని వల్ల నష్టం ఏంటి అంటారా? పైథాన్‌లో తెలుగు అంకెలతో రాసిన ౧౨౦ని 'ఇంట్' ఫంక్షన్‌కి ఇస్తే 120 అని చక్కగా తీసుకుంటుంది. అదే చివర్లో అంకె సున్నాకి బదులు అక్షరం సున్న పెట్టి ఇస్తే వ్యాల్యూ ఎర్రర్ కొడుతుంది. రెండు లైన్లూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపించదు. పాత రికార్డుల్లోని తెలుగు అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ ఏ ఫాంటూ పూర్తిగా కాపాడలేదు, కోడ్‌లోనే చెక్ పెట్టుకోవాలి.

ఇంతకీ ఏ ఫాంట్?

ఫ్రీగా దొరికేవాటిలోనే మంచివి బోలెడు ఉన్నాయి. డబ్బు పెట్టాల్సిన పనే లేదు.

విండోస్ వాడుతుంటే కాన్సొలాస్ ఇప్పటికే మీ దగ్గర ఉంది. లూకాస్ డి గ్రూట్ అనే డచ్ డిజైనర్ గీశారు. 2007లో విండోస్ విస్టాతో జనంలోకి వచ్చింది. పాత లాప్‌టాప్ స్క్రీన్ల మీద ఇది చాలా శుభ్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ స్క్రీన్లను దృష్టిలో పెట్టుకునే గీశారు. కొత్తది కావాలని తహతహలాడకపోతే దీంతో నిక్షేపంగా బండి నడుస్తుంది.

జెట్‌బ్రెయిన్స్ మోనో 2020లో వచ్చింది. ఇందులో చిన్న అక్షరాలను ఎత్తుగా గీశారు. అందుకే సైజు తగ్గించినా చదవడానికి ఇబ్బంది ఉండదు. కళ్లద్దాలు వాడేవాళ్లు ముందు దీన్నే ట్రై చేయొచ్చు. అడోబీ 2012లో ఇచ్చిన సోర్స్ కోడ్ ప్రో, మైక్రోసాఫ్ట్ 2019లో తెచ్చిన కాస్కేడియా కోడ్, మొజిల్లా ఫైరా మోనో ఆధారంగా నికితా ప్రొకొపొవ్ చేసిన ఫైరా కోడ్, ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవే. ప్రాజెక్టులో వాడినా, ఫ్రెండ్‌కి ఇచ్చినా ఎవరూ ఏమీ అనరు.

ఆపరేటర్ మోనో, మోనోలీసా లాంటివి డబ్బు పెట్టి కొనాల్సిన ఫాంట్లు. వాటి 'క్రాక్' కాపీల కోసం మాత్రం వెతక్కండి. ఫాంట్ ఫైల్ అంటే ఉత్త బొమ్మలు కాదు, కంప్యూటర్ దాన్ని చదివి ప్రాసెస్ చేస్తుంది. 2011లో బయటపడిన 'డూకూ' వైరస్ విండోస్ ఫాంట్లు చదివే పద్ధతిలోని లోపం గుండానే లోపలికి దూరింది. గూగుల్ ఫాంట్స్ నుంచో, ఫాంట్ తయారుచేసిన వాళ్ల సొంత పేజీ నుంచో దించుకుంటే సరిపోతుంది.

సైజు ఎంత పెట్టాలి? లెక్క చూడండి

మన విద్యార్థుల చేతుల్లో ఉన్న లాప్‌టాప్‌లలో 1366×768 స్క్రీన్‌వి ఇంకా చాలానే ఉన్నాయి. వీటి మీద సన్నటి గీతల ఫాంట్లు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. యూట్యూబ్ వీడియోలో రెటీనా స్క్రీన్ మీద చూసి ముచ్చటపడిన ఫాంట్ మీ దగ్గర అలా ఉండకపోవడానికి కారణం అదే. 'లైట్' రకం కాకుండా 'రెగ్యులర్' గానీ 'మీడియం' గానీ పెట్టుకోండి.

జెట్‌బ్రెయిన్స్ మోనో, సోర్స్ కోడ్ ప్రో, కొరియర్ న్యూ ఫాంట్లలో అక్షరం వెడల్పు సైజులో 60 శాతం. అంటే సైజు 16 పెడితే ఒక్కో అక్షరానికి 9.6 పిక్సెళ్లు. లైన్‌కి 80 అక్షరాలు అనుకుంటే 768 పిక్సెళ్లు. పక్కన ఫైళ్ల లిస్టుకి ఓ 300 పోయినా 1366లో హాయిగా పడుతుంది. కాన్సొలాస్ ఇంకొంచెం ఇరుకు, సుమారు 55 శాతం. అదే 16 సైజులో 80 అక్షరాలకి 704 పిక్సెళ్లు చాలు. ఐయోసెవ్కా అనే ఫాంట్ సరిగ్గా సగం, 640తో సరిపెడుతుంది. రెండు ఫైళ్లు పక్కపక్కన తెరుచుకునే వాళ్లకి అది బాగుంటుంది.

వీఎస్ కోడ్‌లో విండోస్‌కి మొదట ఉండే సైజు 14. ఎక్కువ కోడ్ ఒకేసారి కనిపించాలని దాన్ని 12కో 11కో తగ్గించేవాళ్లు ఉన్నారు. అలా చేయకండి. 8కీ 'బీ'కీ తేడా మొదట మాయమయ్యేది అక్కడే. తగ్గించడం కంటే ఇరుకు ఫాంట్‌కి మారడం మేలు.

కోడ్‌లో తెలుగు ఉంటే?

పైన చెప్పిన జెట్‌బ్రెయిన్స్ మోనో, ఫైరా కోడ్, సోర్స్ కోడ్ ప్రో, కాస్కేడియా, కాన్సొలాస్‌లలో ఒక్కదాంట్లోనూ తెలుగు అక్షరాలు లేవు. మరి తెలుగు టైప్ చేస్తే కనిపిస్తోంది కదా అంటే... ఎడిటర్ ఆ అక్షరాలను వేరే ఫాంట్ నుంచి అరువు తెచ్చుకుంటుంది. విండోస్ 8 నుంచి ఆ పని నిర్మల యూఐ చేస్తోంది. ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి ఉండేది, విండోస్ 7లో వాణి వచ్చింది. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు. ఇవేవీ మోనోస్పేస్ కావు.

తెలుగుని గడిలో పెట్టడం ఎందుకు కష్టమో చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. 'ర' ఎంత, 'ఘా' ఎంత? 'స్త్రీ'ని 'ప'కి ఇచ్చినంత చోటులోనే ఇరికిస్తే చదవగలమా? తెలుగు టైపు మిషన్ కూడా పూర్తిగా గడుల పద్ధతిలో నడవలేదు. వత్తులకి, కొన్ని గుర్తులకి క్యారేజ్ కదలని మీటలు పెట్టి, ఒకే చోట రెండు మూడు దెబ్బలు కొట్టించేవాళ్లు.

కాబట్టి తెలుగుకి మోనోస్పేస్ కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. దానికి బదులు ఆ అరువు ఫాంట్ ఏదో మీరే డిసైడ్ చేయండి. వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో 'ఫాంట్ ఫ్యామిలీ' అని ఒక పెట్టె ఉంటుంది. కంట్రోల్, కామా నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. ఆ పెట్టెలో మొదట మీ కోడింగ్ ఫాంట్ పేరు, కామా, తర్వాత నిర్మల యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ, మళ్లీ కామా, చివర్లో మోనోస్పేస్ అని ఇంగ్లిష్‌లో రాయండి. పేరులో ఖాళీ ఉంటే సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. మొదటి ఫాంట్‌లో లేని అక్షరాలు రెండోదాంట్లోంచి వస్తాయి.

తెలుగు ఫాంట్‌కీ ఒక టెస్ట్ ఉంది. ద, ధ, థ మూడూ పక్కపక్కన కొట్టండి. 'థ'లో మధ్య చుక్క, 'ధ'లో కింది గీత విడిగా తెలియాలి. అలాగే ర, ఠ. ప, ఫ, ష. వ, మ. చిన్న సైజులో చుక్క కలిసిపోయి 'థ' కాస్తా 'ద' అయిపోతే ఆ ఫాంట్ మార్చండి, లేదా సైజు పెంచండి. రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు సరిచూసే పనిలో ఇది చాలా ముఖ్యం. లైన్ల మధ్య ఎడం కూడా పెంచాలి. ఇంగ్లిష్‌కి సరిపోయే ఎడంలో మన వత్తులు కింది లైన్ మీద పడతాయి. 'లైన్ హైట్' దగ్గర 1.6 వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

టేబుల్ వంకర పోతోందా? అది మీ తప్పు కాదు

తెలుగు డేటాతో ప్రాజెక్టు చేసే ప్రతి ఒక్కరూ ఇక్కడ ఒకసారి తల పట్టుకుంటారు. మండలాల పేర్లు ఒక కాలమ్‌లో, ధరలు ఇంకో కాలమ్‌లో ప్రింట్ చేయాలి. ఇంగ్లిష్‌లో చేస్తే గీత గీసినట్టు వరుసగా వస్తాయి. తెలుగులో చేస్తే రెండో కాలమ్ పాములా వంకర్లు తిరుగుతుంది.

పైథాన్‌ని 'ఒంగోలు' పొడవు ఎంత అని అడిగితే 6 అంటుంది. మన కంటికి ఒం, గో, లు అని మూడే. అది ఒ, సున్న, గ, ఓత్వం, ల, కొమ్ము అని విడివిడిగా లెక్కపెట్టింది. 'చీమకుర్తి' కంటికి నాలుగు, కంప్యూటర్‌కి 9. 'టంగుటూరు' కూడా కంటికి నాలుగే, కంప్యూటర్‌కి మాత్రం 8. 'సంతనూతలపాడు' ఏడు, అక్కడ 11. ఈ లెక్కతో ఖాళీలు నింపితే కాలమ్ ఎలా కుదురుతుంది? దానికి తోడు టెర్మినల్ కొన్ని గుర్తులకి ఒక గడి ఇస్తుంది, కొన్నింటికి అసలు ఇవ్వదు. అక్షరం మీద అక్షరం ఎక్కడం, వత్తు విడిపోయి పక్కన పడటం అందుకే.

ఎన్ని ఫాంట్లు మార్చినా ఇది పోదు. టెర్మినల్‌లో తెలుగు టేబుల్ వేయాలన్న పట్టుదల వదిలేసి సీఎస్‌వీ ఫైల్‌గానో, హెచ్‌టీఎంఎల్ టేబుల్‌గానో బయటికి ఇవ్వండి. బ్రౌజర్, ఎక్సెల్ కాలమ్‌లను గీతలతో విడదీస్తాయి, అక్షరాల్ని లెక్కపెట్టవు. సీఎస్‌వీని యూటీఎఫ్-8లో సేవ్ చేయడం మర్చిపోవద్దు.

కంటికి కనిపించని ఇంకో అక్షరం కూడా ఉంది. 'ఫాంట్‌లో' అని రాసేటప్పుడు 'ట్' కింద 'లో' వత్తుగా మారిపోకుండా కీబోర్డు మధ్యలో ఒక గుర్తు వేస్తుంది. దానికి వెడల్పే లేదు, కంప్యూటర్ లెక్కలో 8204. అది ఉన్న మాట, లేని మాట తెర మీద ఒకేలా కనిపించినా, పోల్చి చూస్తే ప్రోగ్రామ్ 'వేరు' అంటుంది. పైథాన్ 3లో వేరియబుల్‌కి 'ధర' అని తెలుగు పేరు పెట్టుకోవచ్చు గానీ, ఆ పేరులో ఈ గుర్తు దూరితే సింటాక్స్ ఎర్రర్ ఖాయం. ఇలాంటి కనబడని అక్షరాలతో కోడ్‌లో మోసం చేయొచ్చని కేంబ్రిడ్జ్ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ 2021లో చూపించారు. ఆ తర్వాతి నుంచి వీఎస్ కోడ్ వాటి చుట్టూ పెట్టె గీసి చూపిస్తోంది. చిరాగ్గా ఉందని ఆ సెట్టింగ్ ఆఫ్ చేయకండి.

డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించిన ఫైల్ తెచ్చుకుని ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వస్తున్నాయా? ఫ్లెక్సీలకి, కరపత్రాలకి ఎక్కువగా వాడే అను ఫాంట్లు యూనికోడ్ కాదు. అక్కడ తెలుగు బొమ్మ వెనుక ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడే. ఫాంట్ తీసేయగానే అసలు రూపం బయటపడుతుంది. దాన్ని ముందు యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసి, ఒకసారి చదివి సరిచూసుకుని, ఆ తర్వాతే ప్రోగ్రామ్‌కి ఇవ్వాలి.

బాణం గుర్తుల మోజు

ఫైరా కోడ్, జెట్‌బ్రెయిన్స్ మోనో, కాస్కేడియా కోడ్‌లలో లిగేచర్స్ అనే సదుపాయం ఉంది. => అని కొడితే ఒకే బాణంలా, != కొడితే ≠ లా కలిపి చూపిస్తుంది. మన 'క్ష'లాగే, కనిపించేది ఒకటి, వెనుక ఉన్నవి రెండు. అలవాటైన వాళ్లకి బాగుంటుంది. కానీ ఇప్పుడే నేర్చుకునే వాళ్లు ఆఫ్‌లో ఉంచడమే మంచిది. ల్యాబ్‌లో సార్ స్క్రీన్ మీద ≠ చూసి, కీబోర్డులో ఆ మీట ఎక్కడుందా అని వెతుక్కునే పరిస్థితి రాకూడదు. వీఎస్ కోడ్‌లో ఇది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది.

పరీక్ష బ్రౌజర్‌లో, కోడ్ ఫోన్‌లో అయితే

ప్లేస్‌మెంట్ కోడింగ్ రౌండ్ బ్రౌజర్‌లో జరుగుతుంది. అక్కడ మీ ఎడిటర్ సెట్టింగ్స్ పనిచేయవు. పోర్టల్ సొంత ఫాంట్ పెట్టుకుని ఉంటే మనం చేయగలిగింది ఒకటే, కంట్రోల్ పట్టుకుని + నొక్కి పెద్దది చేసుకోవడం. పోర్టల్ ఫాంట్ పేరు చెప్పకుండా వదిలేస్తే మాత్రం బ్రౌజర్‌లో ఉన్నదే వస్తుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్, అక్కడ కస్టమైజ్ ఫాంట్స్, అందులో 'ఫిక్స్‌డ్ విడ్త్' అని ఉన్నచోట మీకు నచ్చింది ముందే పెట్టుకోండి. సొంత లాప్‌టాప్‌లో రాసే పరీక్షలకి ఇది ఉపయోగపడుతుంది. కాలేజీ ల్యాబ్‌లో అయితే మొదటి నిమిషంలోనే 0, 'ఓ', 1, 'ఎల్' కొట్టి చూసుకుని చెరిపేయండి. ఆ పోర్టల్‌లో అవి ఎలా కనిపిస్తాయో తెలిసిపోతుంది.

లాప్‌టాప్ లేక ఫోన్‌లోనే నేర్చుకునే వాళ్లూ తక్కువేం లేరు. ఆండ్రాయిడ్‌లో మోనోస్పేస్ అంటే వచ్చేది డ్రాయిడ్ సాన్స్ మోనో. దాని సున్నాలో గీతా లేదు, చుక్కా లేదు. అంటే ఫోన్‌లో కోడింగ్ చేసేవాళ్లే ఫాంట్ మార్చుకోవాల్సిన అవసరం ఎక్కువ. టెర్మక్స్ వాడుతుంటే, దానికి తోడుగా వచ్చే టెర్మక్స్ స్టైలింగ్ యాప్ వేసుకుని, స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే 'మోర్', అందులో 'స్టైల్' వస్తుంది. అక్కడ ఫాంట్ల లిస్టు ఉంటుంది. టెర్మక్స్‌ని ఎక్కడి నుంచి దించుకున్నారో ఈ స్టైలింగ్ యాప్‌ని కూడా అక్కడి నుంచే దించుకోవాలి, లేదంటే రెండూ కలిసి పనిచేయవు.